కారు స్టీరియో, నావిగేషన్ మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాట ఆగిపోయినా, మ్యాప్‌లో కారు చెరువు మధ్యలో కనిపించినా మొదట వినిపించే మాట "సెట్టు పోయింది" అనే. కార్ల వైరింగ్ పని చేసేవాళ్లని అడిగితే వేరేగా చెబుతారు. సెట్టు కంటే దానికి కరెంటు తెచ్చే తీగ, కరెంటు కారు బాడీ గుండా తిరిగి వెళ్లే ఎర్త్, మధ్యలో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు, ఇవే ఎక్కువగా పోతుంటాయి. అందుకే ఈ జవాబుల్లో ఏది మార్చాలి అనేదాని కన్నా ఎలా కొలవాలి అనేదే ఎక్కువ. ఇవి 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పెట్రోలు, డీజిల్ కార్ల కోసం రాసినవి. ఈవీల (ఎలక్ట్రిక్ కార్ల) సంగతి చివర్లో విడిగా ఉంది.

స్టీరియో అసలు ఆన్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడు తీగల దగ్గర. బయట కొని బిగించిన సెట్లలో పసుపు తీగలో బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఎప్పుడూ ఉండాలి. ఎరుపు తీగలోకి కీ తిప్పాకే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఎంత ఖరీదైన సెట్టయినా పలకదు.

కంపెనీ ఫిట్టింగ్ తీగలకు మాత్రం ఈ రంగులు వర్తించవు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ఒక్కోసారి మోడల్ మారితే రంగులూ మారతాయి. అక్కడ రంగు చూసి కలిపేయకుండా ఆ కారు వైరింగ్ డయాగ్రమ్ చూడండి. ఐఎస్ఓ ప్రమాణం కప్లర్ (తీగలన్నీ ఒకేసారి తగిలించే ప్లగ్గు) ఉన్న కార్లలో పని కొంత సులువు: పవర్ కప్లర్‌లో 4వ పిన్ ఎప్పుడూ ఉండే కరెంటు, 7వది కీతో వచ్చేది, 8వది ఎర్త్. అయితే కొన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి కాబట్టి అక్కడ కూడా కొలిచాకే కలపాలి.

ఫ్యూజ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటితో చూసి నమ్మొద్దు. లోపలి తీగ సన్నగా చిట్లితే పైకి కనపడదు. బ్లేడ్ ఫ్యూజ్ నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. ఫ్యూజ్ పీకకుండానే, కీ ఆన్ చేసి, టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే, తీగలున్న చిన్న బల్బు) ఒక కొస ఎర్త్‌కి పెట్టి రెండు చుక్కల మీదా ఒకదాని తర్వాత ఒకటి ఆనించండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజ్ బాగున్నట్టు. ఒకవైపే వెలిగితే పోయినట్టు. రెండు వైపులా వెలగకపోతే అసలు ఫ్యూజ్ దాకా కరెంటే రావడం లేదు.

చూడాల్సిన ఫ్యూజులు రెండు. ఒకటి కారు ఫ్యూజ్ బాక్సులో, ఇంకోటి స్టీరియో వెనకాల. రెండోది మరిచిపోయి సెట్టు మార్చేసుకున్నవాళ్లు తక్కువేం కాదు. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు పోయిన చోట నీలం పెడితే ఈసారి ఫ్యూజ్ బదులు తీగ కాలుతుంది. సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి పెట్టడం గురించి చెప్పేదేముంది, డాష్‌బోర్డు లోపల మంటలు మొదలయ్యేది అలాంటి చోటే.

కొత్త ఫ్యూజ్ వేసిన వెంటనే పోతోంది. డబ్బా ఫ్యూజులు అయిపోయాయి.

ఫ్యూజుల బదులు బల్బు వాడండి. ఇండికేటర్‌లో ఉండే 21 వాట్ల బల్బుకి రెండు తీగలు సాల్డర్ చేసి, వాటిని ఫ్యూజ్ ఉండాల్సిన రెండు కాళ్ల చోట పెట్టండి. ఎక్కడో షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో మండుతుంది. కరెంటు 2 ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి తీగలకు ఏమీ కాదు. ఇప్పుడు స్టీరియో కప్లర్ పీకేయండి. బల్బు ఆరిపోతే షార్ట్ సెట్టు లోపల ఉంది. ఇంకా మండుతూనే ఉంటే అది తీగలో ఉంది. హార్నెస్‌ని, అంటే తీగల కట్టని, కొంచెం కొంచెం కదుపుతూ వెళ్తే ఒకచోట బల్బు మినుకుమంటుంది. వెతుకుతున్నది అక్కడే దొరుకుతుంది.

దీనికి ముందు ఇంకో పని చేయండి. చాలా కార్లలో స్టీరియో ఫ్యూజ్ మీదే ఛార్జింగ్ సాకెట్, లోపలి లైటు కూడా ఉంటాయి. సాకెట్లోకి టార్చి వేసి చూడండి. టోల్ గేటు దగ్గర చిల్లర చేతులు మారే రోజుల్లో అందులో రూపాయి బిళ్ల పడి షార్ట్ అయ్యేది, ఇప్పుడు ఛార్జర్ కొసనుండే చిన్న స్ప్రింగు ఊడి అందులో ఉండిపోతోంది.

మీటరు 12 వోల్టులు చూపిస్తోంది, అయినా సెట్టు ఆన్ కాదు. మరి సెట్టే పోయినట్టు కదా?

కాదు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ ఒక్క పొరపాటు వల్లే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

డిజిటల్ మీటరు తీగలోంచి దాదాపుగా కరెంటు తీసుకోదు. పది పోగుల తీగలో తొమ్మిది తెగిపోయి ఒక్క పోగే మిగిలినా, కప్లర్ పిన్ చిలుము పట్టి పచ్చగా మారినా మీటరు నిబ్బరంగా 12.4 అని చూపిస్తుంది. అదే తీగ మీద స్టీరియో 5 ఆంపియర్లు లాగబోతే వోల్టేజి 7కో 8కో జారిపోతుంది, సెట్టు ఆరిపోతుంది. కప్లర్ పీకి ఖాళీ పిన్ను కొలిస్తే అసలు లోపం కనపడకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి లోడు పెట్టి కొలవాలి. సెట్టు కప్లర్‌కి తగిలించే ఉంచి, పాట పెట్టి, సౌండ్ పెంచి, పిన్ వెనకవైపు నుంచి సూదిలాంటి ప్రోబ్‌తో తాకండి. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి స్టీరియో నలుపు తీగ మీద ఉంచండి. 0.1 వోల్టు లోపల ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ప్లస్ వైపు కూడా ఇంతే: బ్యాటరీ పాజిటివ్ మీద ఒకటి, స్టీరియో పసుపు తీగ మీద ఇంకోటి. ఆ రెండింటి మధ్య ఎన్ని వోల్టులు చూపిస్తే అన్ని వోల్టులు దారిలోనే పోతున్నట్టు. సెట్టు ఆన్ కాకపోతే అదే పసుపు, నలుపు పిన్నుల మధ్య 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. డిమ్ముగా వెలిగినా, వెలగకపోయినా సెట్టు తప్పు లేదు.

ఎర్త్ ఎక్కడ బిగిస్తే మంచిది?

బాడీ లోహానికి, పెయింటు గీకి, బోల్టుతో. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూకో, డాష్‌బోర్డు లోపలి పల్చటి రేకు బ్రాకెట్‌కో తగిలిస్తే మొదట్లో బాగానే పనిచేసి వానాకాలంలో గుర్రుమంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి బోల్టు త్వరగా తుప్పు పడుతుంది. బిగించాక కాస్త గ్రీజు పూయడం మంచిది.

సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ స్టీరియో ఆరి మళ్లీ వెలుగుతోంది.

సెల్ఫ్ కొట్టేటప్పుడు కీతో వచ్చే కరెంటుని చాలా కార్లు కావాలనే ఆపేస్తాయి, స్టార్టర్ మోటారుకి పూర్తి బలం ఇవ్వడానికి. తెర ఒక్క క్షణం ఆరి, ఆగిన చోటు నుంచే పాట మొదలైతే అది లోపం కాదు. లోగోతో మొదలై మొత్తం రీస్టార్ట్ అయితే మాత్రం పసుపు తీగలో వోల్టేజి బాగా పడిపోతోందని అర్థం. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు పెట్టి చూడండి. 10 వోల్టుల దగ్గర నిలిస్తే పర్వాలేదు. 9.6 కంటే కిందికి దిగితే బ్యాటరీనో, టెర్మినల్ క్లాంపునో చూసుకోవాలి. కారు ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌ని (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపేదాన్ని) కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో కాసేపు 13 లోపల కనిపించినా కంగారు పడకండి.

స్టేషన్లు, టైమ్ రోజూ మరిచిపోతోంది.

పసుపు, ఎరుపు తీగలు తారుమారు చేసి ఉంటారు. లేదా రెండూ కీ ఆన్ తీగకే కలిపేశారు.

రెండు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్ అవుతోంది. స్టీరియో పెట్టించాకే ఇలా ఉంది.

అనుమానం సరైనదే అయ్యుండొచ్చు, కానీ కొలిస్తేనే తేలుతుంది. ఆపిన కారు కూడా గడియారం, అలారం, కంప్యూటర్ల కోసం కొంచెం కరెంటు తీసుకుంటూ ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే మామూలే. చిన్న కారులో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉందనుకోండి. స్టీరియో నిద్రపోకుండా అర ఆంపియర్ లాగుతుంటే రోజుకి 12, రెండు రోజులకి 24. మూడింట రెండు వంతులు ఖాళీ అయిన బ్యాటరీ సెల్ఫ్‌ని తిప్పలేదు.

కొలిచే పద్ధతి ఇది. బానెట్ తీసి, లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. తలుపులు మూసేయండి, కీ దూరంగా పెట్టండి. మీటరు 10 ఆంపియర్ల రేంజ్‌లో, ప్రోబ్ 10ఏ సాకెట్లో పెట్టి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, ఆ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య కలపండి. మొదట రెండు మూడు ఆంపియర్లు చూపిస్తే భయపడొద్దు. కారులోని కంప్యూటర్లు ఒక్కొక్కటిగా పడుకోవడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. అప్పటికీ అంకె దిగకపోతే ఫ్యూజులు ఒక్కోటి తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు ఒక్కసారిగా దిగిందో ఆ దారిలో దొంగ ఉన్నట్టు. మీటరు కలిపి ఉండగా కీ ఆన్ చేయడం, సెల్ఫ్ కొట్టడం చేయకండి, మీటరు ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

స్టీరియో దారిలో దొరికే కారణాలు దాదాపు ఇవే: ఎరుపు తీగని పసుపుతో కలిపేయడం, యాంప్లిఫయర్ ఆన్ చేసే నీలం-తెలుపు తీగని ఎప్పుడూ ఉండే కరెంటుకి ఇచ్చేయడం, ఆండ్రాయిడ్ సెట్లలో 'స్లీప్' సెట్టింగు రోజుల తరబడి పెట్టి ఉండటం. మూడోదానికి పానా కూడా అక్కర్లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవడమే. డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ కూడా ఈ జాబితాలోదే, కానీ తిట్లు మాత్రం స్టీరియోకే పడతాయి.

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో కూత పెరుగుతోంది.

ఆల్టర్నేటర్ కూత. ఇంజన్ వేగంతో పాటు శ్రుతి పెరుగుతుంటే వేరే సందేహం పెట్టుకోవద్దు. అయితే ఆ కూత ఏ దారిన స్పీకర్లలోకి వస్తోందో పట్టుకోవడానికే కష్టపడాలి.

ముందు ఛార్జర్లు, డ్యాష్‌క్యామ్, యూఎస్‌బీ తీగలు అన్నీ పీకేసి వినండి. సగం కేసులు ఇక్కడే ముగుస్తాయి. చవక ఛార్జర్, ఆక్స్ కేబుల్ రెండూ ఒకే ఫోనుకి పెట్టినప్పుడు వచ్చే కూత ఫోను ఛార్జింగ్ తీసేయగానే పోతుంది.

తర్వాత, విడిగా యాంప్లిఫయర్ ఉంటే సెట్టు ఆఫ్ చేసి దాని ఆర్‌సీఏ తీగలు (సెట్టు నుంచి పాటని యాంప్లిఫయర్‌కి తెచ్చేవి) పీకి, మళ్లీ ఆన్ చేయండి. అయినా కూత ఉంటే అది యాంప్లిఫయర్ పవర్, ఎర్త్ వైపు నుంచి వస్తోంది. పోతే ముందు వైపు నుంచి. ఇప్పుడు ఒక ఫోనుని ఆ ఆర్‌సీఏకి నేరుగా తగిలించి జేబులో పెట్టుకుని వినండి. కూత లేకపోతే యాంప్లిఫయర్ నిర్దోషి. డిక్కీలో ఒక ఎర్త్, డాష్‌బోర్డులో ఇంకో ఎర్త్, రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటే ఆ తేడానే పాటలోకి వస్తుంది. ఎర్త్ రెండు చోట్లా శుభ్రంగా బిగిస్తే చాలాసార్లు పోతుంది. ఆర్‌సీఏ తీగ, బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ ఒకే వైపు కట్ట కట్టి ఉంటే విడదీసి చెరో గుమ్మం కింద నుంచీ లాగండి.

ఇంకో సంగతి. సెట్టు ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏలు పీకి పెట్టడం వల్ల కొన్ని సెట్లలో లోపలి సన్నటి ఎర్త్ ఫ్యూజ్ పోతుంది, అప్పటి నుంచి కూత మొదలవుతుంది. ఆర్‌సీఏ బయటి రింగుకీ, స్టీరియో లోహపు పెట్టెకీ మధ్య మీటరు బీప్ అనకపోతే ఇదే కావచ్చు.

అన్నీ బాగుంటే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. ఇంజన్, హెడ్‌లైట్లు ఆన్ చేసి, మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో ఏసీని డీసీగా మార్చే డయోడ్లని అనుమానించాల్సిందే. షాపుల్లో అమ్మే నాయిస్ ఫిల్టర్ కూతని తగ్గిస్తుంది, కానీ డయోడ్ పోయిన ఆల్టర్నేటర్ ఆ పూటకి నోరు మూసుకుని తర్వాత బ్యాటరీని పాడు చేస్తుంది.

ఒక తలుపు స్పీకర్ రావడం లేదు. తలుపు తీస్తే వస్తోంది, మూస్తే పోతోంది.

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. తలుపుకీ పిల్లర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో తీగ విరిగింది. వేల సార్లు మడతపడే చోటది. అదే తలుపులో పవర్ విండో కూడా అప్పుడప్పుడు మొరాయిస్తుంటే ఇక సందేహం లేదు. అక్కడ మెలిపెట్టి టేపు చుడితే మళ్లీ విరుగుతుంది. కొత్త ముక్క వేసి, సాల్డర్ జాయింట్లు మడతపడని చోట వచ్చేలా చూసుకుని, వేడి చేస్తే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించాలి.

ఎప్పుడూ రాని స్పీకర్‌కైతే ముందు బ్యాలెన్స్, ఫేడర్ సెట్టింగులు చూడండి, పిల్లలు నొక్కేసి ఉంటారు. ఆ తర్వాత స్టీరియో వెనక కప్లర్ పీకి ఆ స్పీకర్ రెండు తీగల మధ్య ఓమ్స్ కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే తీగనో కాయిలో తెగింది. సున్నా దగ్గర ఉంటే షార్ట్. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు రెండు కొసలకీ క్షణం తాకించినా చాలు, బాగున్న స్పీకర్ టక్‌మంటుంది.

స్పీకర్ మైనస్ తీగని ఎర్త్‌కి కలిపేయొచ్చా? ఒక తీగ ఆదా అవుతుంది కదా.

వద్దు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకర్ మైనస్ కూడా ఎర్త్ కాదు. పాట లేనప్పుడు కూడా రెండు తీగల మీదా సరఫరాలో సగం, అంటే 6, 7 వోల్టులు ఉంటాయి. దాన్ని బాడీకి తాకిస్తే సెట్టు రక్షణలోకి వెళ్లి మూగబోతుంది, లేదా లోపలి యాంప్లిఫయర్ ఐసీ కాలిపోతుంది. తెర మీద అన్నీ బాగుండి నాలుగు స్పీకర్లూ ఒకేసారి మూగబోయాయంటే ఎక్కడో ఒక స్పీకర్ తీగ డోర్ ప్యానెల్ కింద నలిగి బాడీకి తాకుతోందేమో చూడండి. ఒక్కో స్పీకర్ జతని విడదీస్తూ పోతే మిగతావి తిరిగి పలుకుతాయి.

ఎఫ్ఎం సరిగా రావడం లేదు, మిగతావన్నీ బాగున్నాయి.

టాప్ మీది యాంటెన్నాలో, వెనక అద్దంలో ఉన్నవాటిలో చాలావరకు చిన్న బూస్టర్ ఉంటుంది. దానికి స్టీరియో నుంచి 12 వోల్టులు వెళ్లాలి. సెట్టు మార్చేటప్పుడు ఆ నీలం తీగ కలపడం మరిచిపోతారు. అదీ ఉంటే, కొత్తగా వేయించిన ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఆర్పి చూడండి. చవక ఎల్ఈడీ డ్రైవర్లు ఎఫ్ఎంలోకి బరబర చప్పుడు వదులుతాయి.

నావిగేషన్‌లో కారు ఒకచోట ఉంటే చుక్క ఇంకోచోట ఉంటోంది.

ఇక్కడ విద్యుత్ లోపాన్నీ, మ్యాపు లోపాన్నీ విడదీసుకోవాలి. హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే చుక్క కింది రోడ్డు మీదున్నట్టు చూపించి "కుడివైపు తిరగండి" అంటే అది తీగల తప్పు కాదు. పైన రోడ్డు, కింద రోడ్డు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు ఎత్తు పోల్చుకోవడం జీపీఎస్‌కి కష్టం. ఖాళీ మైదానంలో, ఆకాశం బాగా కనిపించే చోట కూడా చుక్క తిరుగుతుంటే అప్పుడు పానా పట్టుకోండి.

సెట్టింగ్స్‌లో శాటిలైట్ల సంఖ్య చూపే పేజీ ఉంటే అది తెరవండి. ఒక్కటి కూడా కనపడకపోతే యాంటెన్నా తీగ ఊడినట్టో, తెగినట్టో. కనిపిస్తూ బలం తక్కువగా ఉంటే యాంటెన్నా పెట్టిన చోటు బాగాలేదు. జీపీఎస్ యాంటెన్నాకి తనలోనే బూస్టర్ ఉంటుంది. స్టీరియో అదే తీగ గుండా 3 నుంచి 5 వోల్టులు పంపుతుంది. యాంటెన్నా పీకి, సెట్టు వైపు సాకెట్లో నడి పిన్నుకీ, బయటి రింగుకీ మధ్య కొలవండి. వోల్టేజి ఉంటే సెట్టు తన పని చేస్తోంది, యాంటెన్నా మార్చండి, ఖరీదు కూడా తక్కువే. లేకపోతే సెట్టులోనే లోపం. కొలిచేటప్పుడు నడి పిన్నునీ, రింగునీ ప్రోబ్‌తో కలిపేయకండి.

యాంటెన్నాని డాష్‌బోర్డు లోపల లోహపు బ్రాకెట్ కింద పడేసి పోవడం మామూలైపోయింది. దాని ముఖం ఆకాశం వైపు ఉండాలి, పైన ప్లాస్టిక్ ఉంటే ఫరవాలేదు, లోహం ఉండకూడదు. అద్దానికి లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ అంటించినా సిగ్నల్ పడిపోతుంది. జీపీఎస్ సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద ఎంతో దూరం నుంచి అతి బలహీనంగా వస్తుంది. పక్కనే ఉన్న చవక డ్యాష్‌క్యామ్ కూడా దాన్ని ముంచేయగలదు. డ్యాష్‌క్యామ్ పీకగానే శాటిలైట్లు పెరిగితే దొరికిపోయినట్టే.

ఫోనులో మ్యాప్ సరిగానే ఉంది. అదే ఫోను ఆండ్రాయిడ్ ఆటోలో పెడితే తప్పు చూపిస్తోంది. ఎలా?

మ్యాప్ ఫోనుదే, కానీ కొన్ని కార్లలో లొకేషన్ మాత్రం కారు యాంటెన్నా నుంచి తీసుకుంటుంది. కారు జీపీఎస్ చెడితే బాగున్న ఫోను కూడా తప్పు చెబుతుంది. ఫోను కేబుల్ పీకగానే చుక్క సరైన చోటికి దూకితే కారు యాంటెన్నాని చూడండి. ఫోను మార్చక్కర్లేదు.

సొరంగంలోకి, అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోకి వెళ్తే చుక్క ఆగిపోతోంది. ఇదివరకు కదిలేది.

శాటిలైట్ అందని చోట కంపెనీ నావిగేషన్లు చక్రాల వేగాన్నీ, కారు మలుపు తిరగడాన్ని కనిపెట్టే లోపలి గైరోనీ బట్టి అంచనా కడతాయి. స్పీడు సిగ్నల్ తీగ ఊడితే ఆ అంచనా ఆగిపోతుంది. రివర్స్ తీగ ఊడితే ఇంకా తమాషా: కారు వెనక్కి వెళ్తుంటే చుక్క ముందుకు పోతుంది. స్టీరియో ఈమధ్య ఎవరైనా విప్పారా అని అడిగేది అందుకే.

పాత నావిగేషన్ తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లింది. బ్యాటరీ మార్చాలా?

బ్యాటరీకి సంబంధం లేదు. జీపీఎస్ వారాల లెక్క 1024 దాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా తిరిగింది. 1024 వారాలంటే దాదాపు 19 ఏళ్ల 7 నెలలు. కొన్ని సెట్లు తమ సాఫ్ట్‌వేర్ లెక్కని బట్టి వేరే తేదీన తప్పాయి. 2022 జనవరి మొదటి తేదీన చాలా హోండా కార్ల గడియారాలు 2002కి వెళ్లిపోయాయి. అప్‌డేట్ దొరికితే వేయించడం, లేదంటే గడియారం చేత్తో పెట్టుకోవడం, అంతే.

రివర్స్ కెమెరా ఒకసారి వస్తుంది, ఒకసారి నల్లగా ఉంటుంది.

డిక్కీ తలుపు మడత దగ్గరి తీగ కట్ట ముందు చూడండి, పక్క తలుపుల్లాగే అదీ విరుగుతుంది. అక్కడ బాగుంటే కెమెరాకి కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చారో చూడాలి. సాధారణంగా రివర్స్ లైటు నుంచి ఇస్తారు. కొన్ని కార్లలో ఆ లైటుకి కంప్యూటర్ కరెంటుని ముక్కలు ముక్కలుగా పంపుతుంది, బల్బు మామూలుగానే వెలుగుతుంది కానీ కెమెరా బొమ్మ వణుకుతుంది. చిన్న రిలే, కెపాసిటర్ వేస్తే నిలబడుతుంది. బొమ్మ వస్తూ తెర మాత్రం మారకపోతే కెమెరా మంచిదే, సెట్టుకి వెళ్లే రివర్స్ సిగ్నల్ తీగ లేదు.

స్టీరింగ్ మీది బటన్లు పనిచేయడం లేదు.

హారన్ మోగుతోందా? ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందా? బటన్లు, హారన్, ఎయిర్‌బ్యాగ్ మూడూ ఒకేసారి తేడా చేస్తే స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగింది. అది విప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి, ఇంట్లో చేయకండి. డాష్‌బోర్డు కింద పసుపు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువే. వాటి మీద టెస్ట్ ల్యాంప్ గానీ, ఓమ్స్ మీటరు గానీ పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో చొరవ పనికిరాదు.

బటన్లు మాత్రమే పోతే, చాలా కార్లలో ఒక్కో బటన్‌కి ఒక్కో ఓమ్స్ విలువ ఉంటుంది. నొక్కుతుంటే మీటరు అంకె మారుతోందా లేదా చూస్తే చాలు. వాల్యూమ్ నొక్కితే పాట మారిపోతోందంటే కాంటాక్టులో మురికి చేరి ఆ విలువ జరిగిపోయిందన్నమాట.

మెకానిక్ "క్యాన్ ప్రాబ్లమ్" అంటున్నాడు. నిజమా, తప్పించుకోవడానికా?

రెండూ జరుగుతుంటాయి. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే మెలితిప్పిన తీగల జత పేరు క్యాన్. దాన్ని కొలవొచ్చు. బ్యాటరీ కేబుల్ తీసి కాసేపు ఆగి, స్కానర్ పెట్టే సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. 60 దగ్గర ఉంటే రెండు చివర్లా ఉండే 120 ఓమ్‌ల రెసిస్టర్లు దొరుకుతున్నాయి. 120 చూపిస్తే ఒకవైపు దారి తెగింది. సున్నా అయితే రెండు తీగలూ అతుక్కున్నాయి. అయితే స్టీరియో ఉండే క్యాన్ చాలా కార్లలో వేరే జతగా ఉంటుంది, ఈ సాకెట్ దాకా రాదు. కొలత చూపించమని మర్యాదగా అడిగితే నిజంగా చూసినవాడు చూపిస్తాడు.

కొంత పాత బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి కార్లలో ఆడియో అంతా గాజుతీగలాంటి సన్నటి ప్లాస్టిక్ తీగల వలయం మీద నడుస్తుంది. అందులో ఎర్రటి వెలుతురు వెళ్తుంది. వలయంలో ఒక్క పెట్టె, తరచుగా డిక్కీలో తడిసిన యాంప్లిఫయర్, చచ్చిపోతే రేడియో, నావిగేషన్, ఫోను అన్నీ మూగబోతాయి. అలాంటప్పుడు ఒక్కో పెట్టె దగ్గర తీగలు పీకి వలయాన్ని లూప్ ముక్కతో కలిపి చూస్తారు. ఏది దాటగానే మిగతావి లేచాయో దోషి అది.

వరద నీళ్లలో కారు మునిగింది. స్టీరియో ఆన్ చేసి చూడొచ్చా?

ఆన్ చేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఎన్నో కార్లు డాష్‌బోర్డు దాకా నీళ్లలో ఉండిపోయాయి. తడి బోర్డు దానంతటది అంత తొందరగా పాడవదు. తడి మీద కరెంటు పారితేనే రాగి దారులు తినేసుకుపోతాయి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ వెంటనే తీసేయాలి. సీట్ల కింద ఉండే యాంప్లిఫయర్, కార్పెట్ కింది కప్లర్లు విప్పి ఆరబెట్టాలి. బురద నీరైతే మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. ఇన్సూరెన్స్ ఉంటే సర్వేయర్ చూసేదాకా ఏమీ విప్పకండి, ఫొటోలు మాత్రం తీసుకోండి.

ఎలుకలు తీగలు కొరికాయి. టేపు చుడితే చాలా?

కనపడిన చోట చుడితే కనపడని చోటు మిగిలిపోతుంది. కొరికిన జాగా నుంచి రెండు వైపులా జానెడు దూరం హార్నెస్ టేపు విప్పి చూడండి. క్యాన్ జత తెగితే అతికాక మెలిక మళ్లీ మునుపట్లాగే తిప్పాలి.

బ్యాటరీ కేబుల్ తీస్తే స్టీరియో కోడ్ అడుగుతోంది.

దొంగతనం భయంతో కంపెనీలు పెట్టిన తాళం అది. కోడ్ కారు కాగితాల్లోని చిన్న కార్డు మీద ఉండొచ్చు. లేకపోతే సెట్టు మీది సీరియల్ నంబరు, ఆర్‌సీతో షోరూమ్‌కి వెళ్తే ఇస్తారు. ఊహించి నొక్కుతూ పోతే సెట్టు లాక్ అయిపోతుంది. పాత కారైతే కేబుల్ తీసే ముందే కార్డు వెతికి పెట్టుకోండి.

తీగలు కోసి బయటి స్టీరియో పెట్టిస్తే వారంటీ పోతుందా?

కోసిన తీగలకు సంబంధించిన లోపాల మీద క్లెయిమ్ తిరస్కరించే అవకాశం బాగా ఉంది. మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ అడిగి తీసుకోండి. దాంతో ఒక్క తీగ కూడా కోయక్కర్లేదు, అమ్మేటప్పుడు పాత సెట్టు తిరిగి బిగించుకోవచ్చు.

మాది ఈవీ. ఇవన్నీ దానికి వర్తిస్తాయా?

స్టీరియో, నావిగేషన్ ఈవీలో కూడా 12 వోల్టుల మీదే నడుస్తాయి, దానికి విడిగా చిన్న బ్యాటరీ ఉంటుంది. ఫ్యూజ్, ఎర్త్, స్పీకర్, యాంటెన్నా పరీక్షలన్నీ అలాగే చేయొచ్చు. ఆల్టర్నేటర్ ఉండదు, దాని బదులు పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని నింపే డీసీ కన్వర్టర్ ఉంటుంది. కారు 'రెడీ'లో ఉండగా 12 వోల్టుల బ్యాటరీ మీద 13 పైన రాకపోతే ఆ కన్వర్టర్‌ని అనుమానించాలి. పెద్ద బ్యాటరీలో 80 శాతం ఛార్జ్ చూపిస్తూనే చిన్న బ్యాటరీ నీరసించి తెర నల్లబడిన కార్లున్నాయి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోకూడదు. వాటిలో వందల వోల్టులు ఉంటాయి, ఆ పని శిక్షణ ఉన్న టెక్నీషియన్‌దే.